పడ్డట్టే, తీసుకో

"పడ్డట్టే అని నేనన్నానా?" అన్నాను.

ఫెర్గస్ రీకీ అప్పటికే బంతి తీసుకోవడానికి వంగాడు. గోల్ఫ్ ఆటలో చివరి గుంటకు మూరెడు దూరంలో ఉంది బంతి. మా పిట్‌లారన్ ఊళ్ళో అంత దగ్గర బంతిని ఎవరూ ఎవరిచేతా కొట్టించరు. ఇద్దరు పోటీ పడుతున్నప్పుడు ఎదుటివాళ్ళే "పడ్డట్టే, తీసుకో" అనేస్తారు. అన్న మాట వెనక్కి తీసుకోకూడదు. విన్నవాళ్ళు వద్దనకూడదు.

"మీరు అనలేదు," అన్నాడు నిటారుగా నిలబడి. "ఊళ్ళో అందరూ అంటారని..."

"నేను బళ్ళో పిల్లలకే సగం లెక్కకు మార్కులు వెయ్యను. బంతి వెయ్యండి."

మంగళవారం సాయంత్రం పోటీలకు జోడీలు కలిపి పంపే ఆర్చీ తన గదిలోంచి పరుగున వచ్చాడు.

"మొరాగ్ అమ్మాయ్! ఆయనెవరో తెలుసా నీకు?"

"టీవీలో చూశాను. అందుకే వెయ్యమంటున్నాను."

ఫెర్గస్ గురి చూశాడు. కర్ర కదిలే క్షణంలో చేతులు ఉలిక్కిపడినట్టు అదిరాయి. బంతి గుంటను దాటి, ముందున్న దానికన్నా దూరంగా పోయింది. ఆర్చీ నా వైపు పసిబిడ్డను కొట్టినదాన్ని చూసినట్టు చూశాడు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. పోర్చుగల్‌లో ఒక పెద్ద టోర్నమెంటు, చివరి రోజు, చివరి గుంట. మూరెడు దూరం. పడితే కప్పు అతనిది. పడలేదు. ఆ తర్వాత దూరం బంతులు బాణంలా వెళ్ళేవి గాని, దగ్గరికొచ్చేసరికి చేతులు మాట వినేవి కావు. టోర్నమెంట్లలో పడ్డట్టే అని ఎవరూ ఎవరికీ బంతి ఇవ్వరు, ప్రతి బంతీ గుంటలో పడాల్సిందే. మెల్లగా పిలుపులు ఆగిపోయాయి. ఊరికి తిరిగొచ్చి గోల్ఫ్ క్లబ్బు దుకాణంలో గ్లవ్స్ అమ్ముతున్నాడు. ఊరు జాలిపడింది. మూరెడు దూరం ఇచ్చినవాళ్ళు బారెడు దూరం కూడా ఇవ్వడం మొదలుపెట్టారు.

మర్నాడు బడి గేటు దగ్గర ఫెర్గస్ వానలో నిలబడి ఉన్నాడు.

"టీచరుగారూ, వచ్చే మంగళవారం మళ్ళీ నాతో ఆడతారా?"

"నిన్న ఓడిపోయారు కదండీ."

"అందుకే. ఈ ఊళ్ళో నన్ను ఓడించింది మీరొక్కరే. మిగతావాళ్ళు గెలిపిస్తున్నారు."

"గొడుగు లేదా?" అన్నాను.

"గోల్ఫ్ ఆడేవాడికి వాన ఒక లెక్కా?"

"జలుబుకు ఆ సంగతి తెలియదు. లోపలికి రండి, టీ ఇస్తాను."

ఆ వేసవి అంతా ఆడాం. అతను తప్పేవాడు, నేను "వెయ్యి" అనేదాన్ని. మళ్ళీ తప్పేవాడు. "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో గమనించలేదు. ఒక సాయంత్రం సముద్రం మీంచి మంచు కమ్ముకొస్తుంటే, బంతి ముందు నిలబడి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇది పడితే నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"పడకపోతే?"

"అప్పుడూ అడుగుతాను."

"అయితే ఆ రెంటికీ సంబంధం లేదన్నమాట. ముందు వెయ్యి."

పడలేదు. మళ్ళీ పెట్టాడు. పడలేదు. ఆర్చీ మంచులోంచి అరిచాడు. "ఇచ్చెయ్యవే తల్లీ! రాత్రంతా ఇక్కడే ఉంటారా ఏం?" ఫెర్గస్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే కొట్టాడు. గుంటలో బంతి పడ్డ చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

పెళ్ళయిన మరుసటి ఏడు మళ్ళీ టోర్నమెంట్లకు వెళ్ళాడు. చిన్నవి. స్పెయిన్ నుంచి ఫోన్ చేశాడు.

"పదో స్థానం, టీచర్!"

"పదో స్థానానికి ఇంత సంబరమా?"

"ఒక్కడూ ఇవ్వలేదు. అన్నీ వేశాను."

ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను. తర్వాత పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకున్నాను.

పెద్ద కప్పు ఎప్పుడూ రాలేదు. ఒక చిన్న కప్పు వచ్చింది. అందులో పెన్సిళ్ళు పెట్టుకున్నాను. మంగళవారాలు మాత్రం మా ఇద్దరివీ.

"ఒక్కసారి పడ్డట్టే అను, టీచర్. చచ్చేలోగా నీ నోట వినాలి."

"అడిగి పుచ్చుకోవడం మర్యాద కాదు."

"అడగడం లేదు. చెబుతున్నానంతే."

పోయిన శీతాకాలం ఫెర్గస్ ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పారు. మైదానం కనబడేలా మంచం ముందుగదిలోకి మార్చాను. టీ కప్పు తివాచీ మీద పక్కకు పడుకోబెట్టి, కుర్చీలో కూర్చునే బంతి వేసేవాడు. తప్పితే నేను బంతి తెచ్చిచ్చేదాన్ని. వెయ్యి, అనేదాన్ని. సూపు తాగనన్నా, మందు వద్దన్నా అదే గొంతుతో చెప్పేదాన్ని. డాక్టరు మా ఇద్దరికీ చెప్పిన మాట మాత్రం ఒకరి దగ్గర ఒకరం ఎత్తలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బంతి కప్పుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఫెర్గస్ కర్ర ఊతంగా లేవబోయి, లేవలేక, కిటికీలోంచి చాలాసేపు చూశాడు.

"మొరాగ్," అన్నాడు. టీచర్ అనలేదు. "ఇది ఇచ్చెయ్యవా?"

ఇన్నేళ్ళలో ఎప్పుడూ నిజంగా అడగలేదు. వెయ్యి అనడానికి నోరు తెరిచాను. అతని మొహం చూశాక ఆ మాట రాలేదు. తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పడ్డట్టే," అన్నాను. "తీసుకో."

"వంగలేను. నువ్వే తియ్యి."

తీసి అతని అరచేతిలో పెట్టాను. వేళ్ళు మూశాడు. ఆ చెయ్యి వణకలేదు.

ఆ వారమే పోయాడు.

వసంతంలో ఆర్చీ కబురు పెట్టాడు. "మంగళవారం రా అమ్మాయ్. నీ జోడీ నేనే." వెళ్ళాను. చివరి గుంట దగ్గర నా బంతి మూరెడు దూరంలో ఆగింది.

"పడ్డట్టే, తీసుకో తల్లీ," అన్నాడు. ఆ గొంతులో ఊరి జాలంతా ఉంది.

ఇచ్చినదాన్ని వద్దనకూడదు. తీసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, థాంక్స్ చెప్పాను.

ఆర్చీ తన గదికి తాళం వేసుకుని వెళ్ళేదాకా ఆగాను. తర్వాత బంతిని ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే పెట్టి, కర్ర పట్టుకుని నిలబడ్డాను.

"వెయ్యి," అన్నాను పైకే.

పడలేదు. మళ్ళీ పెట్టాను.