దీవి హోటల్లో నాలుగు రోజులు

ఆదివారం పొద్దున సారంగపాణి మగ్గం ఎక్కలేదు. అరుగు మీద కూర్చుని, పక్కింటి పూలమ్మకు ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు. ఈ పది రోజుల్లో కొత్తవాడ సందులో ఆ ఫొటోలు చూడని మనిషి లేడు.

"ఇగో పూలమ్మా, చుట్టూ నీళ్లే. నడుమ దీవి మీద హోటల్. మంచం మీద కూసుంటె సముద్రం కనవడ్తదట. మా శశాంక్ వాళ్లమ్మను విమానంల అండమాన్ తీస్కపోయిండు. ఈ రోజుల్ల ఏ కొడుకు తీస్కపోతడు చెప్పు?"

"అక్కది అదృష్టం బావా," అని పూలమ్మ వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "అక్కా, తిననీకి ఏం పెట్టిండ్రు అక్కడ?"

చిక్కుడుకాయలకు నార తీస్తున్న వినోద తల ఎత్తలేదు. "అన్నీ పెట్టిండ్రు," అంది.

ఆ అబద్ధం ఎన్నోసారి చెప్పిందో ఆమెకే తెలియదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లు వంచిన నడుము ఎత్తకుండా జంపఖానాలు నేసిన మనిషి తన భర్త. ఎవరి ముందూ గొప్ప చెప్పుకుని ఎరగడు. మొదటిసారి సందులో ఛాతీ విరుచుకుని మాట్లాడుతున్నాడు. ఆ మనిషిని ఏ నోటితో కూలదోయాలి?

ప్రయాణానికి ముందు శశాంక్ ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఎన్నడూ సముద్రం చూడలే గదా, ఈసారి నీకోసమే పోతున్నం," అన్నాడు. మరి బాపు అని ఆమె అడిగితే, "బాపుకు నడుం నొప్పి, పడవలు ఎక్కలేడు," అన్నాడు. వినోద నమ్మింది. పెట్టెలోంచి పట్టుచీర తీసి ఇస్త్రీ చేయించుకుంది.

హోటల్‌లో అడుగు పెట్టగానే ఒకమ్మాయి వచ్చి చేతులకు పట్టీలు కట్టింది. కొడుకుకూ కోడలు యమునకూ నీలం రంగు పట్టీ, వినోదకు ఆకుపచ్చది. రంగు బాగుందనే అనుకుంది. ఆ సాయంత్రమే కొడుకూ కోడలూ తయారై, కొంచెం దూరంలో నీళ్ల మీద కట్టిన పెద్ద రెస్టారెంట్‌కు బయలుదేరారు. అక్కడ తొమ్మిది రకాలు ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి వడ్డిస్తారట. "చిన్నపిల్లలను రానియ్యరమ్మా. జర మిన్నును చూసుకో, నీకు తిండి రూంకు పంపిస్త," అన్నాడు శశాంక్. రెండేళ్ల మనవరాలిని ఒళ్లో వేసుకుని వినోద కిటికీలోంచి ఆ దీపాలు చూస్తూ కూర్చుంది. డబ్బాలో వచ్చిన అన్నం చల్లారిపోయి ఉంది. రెండో రోజూ అంతే.

మూడో రోజు పొద్దున యమున పాపను ఈతకొలనుకు తీసుకెళ్లింది. వినోద పట్టుచీర కట్టుకుని, ఒక్కతే టిఫిన్ల హాలుకు వెళ్లింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ పనిచేస్తోంది. పట్టీ చూసి, మెల్లగా తెలుగులోనే చెప్పింది.

"అమ్మా, ఆయాలకి ఇక్కడ కాదండి. వెనకాల స్టాఫ్ హాలు ఉంది."

"నేను ఆయాను గాదు బిడ్డా. మా శశాంక్‌తోని వచ్చిన, వాని తల్లిని."

ఆ పిల్ల చేతిలోని ట్యాబ్ చూసింది. మళ్లీ వినోద మొహం చూసింది. "వినోద గారు, పాప ఆయా... అనే రాసిచ్చారమ్మా," అని, తనే తప్పు చేసినట్టు తల దించుకుంది. "పరవాలేదు, మీరు లోపలికి రండి, నేను కూర్చోబెడతాను."

వినోద వెళ్లలేదు. గదికి వచ్చి చీర విప్పి, మడతపెట్టి, పాత చీర కట్టుకుంది. ఆ పూట ఏమీ తినలేదు. మిగిలిన రెండు రోజులూ కొడుకుతో పాప పాలు, పాప బట్టలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ సంగతి వాడు గమనించనే లేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

ఈ ఆదివారం పదింటికి శశాంక్ కారు సందు చివర ఆగింది. హైదరాబాద్ నుంచి ముగ్గురూ వచ్చారు. శశాంక్ లోపలికి వస్తూనే చంకలోని పెద్ద పటం విప్పాడు. సముద్రం ఒడ్డున మిన్నును ఎత్తుకున్న వినోద ఫొటో.

"బాపూ, ఎట్లుంది? హాల్ల పెడదాం."

సారంగపాణి కళ్లు మెరిశాయి. అప్పటికప్పుడే మేకు, సుత్తె వెతికాడు.

"ఇంకో మాట," అన్నాడు శశాంక్ కుర్చీలో కూర్చుంటూ. "వచ్చే నెల మా టీమ్ గోవా పోతాంది. అమ్మా, నువ్వు కూడ రావాలె."

"పోతది, పోతది! పోకేం జేస్తది?" అన్నాడు సారంగపాణి నవ్వుతూ.

వినోద చిక్కుడుకాయల పళ్లెం నేల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకు మిన్ను ఉలిక్కిపడింది.

"జీతం ఎంతిస్తవ్ రా?"

"ఏం జీతమమ్మా?"

"ఆయా జీతం. పోయినసారి ఊకెనే చేసిన. ఈసారి ముందుగాల మాట్లాడుకుందాం."

శశాంక్ మొహం పాలిపోయింది. యమున ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయా ఏంది అత్తమ్మా?"

"నీ మొగణ్ని అడుగు. హోటలోళ్ల దగ్గర నన్ను ఏమని రాపించిండో అడుగు. పట్టుచీర కట్టుకొని టిఫిన్‌కు పోతే, నీ జాగ ఇది గాదు, పనోళ్ల దిక్కు పో అన్నరు నన్ను!"

"అమ్మా, అది జస్ట్ ఫార్మాలిటీ," అన్నాడు శశాంక్ గబగబా. "మూడో పెద్దమనిషంటే ఇంకో రూం తీస్కోమన్నరు. ఆయా అంటే పాప దగ్గరనే పడుకోవచ్చన్నరు. కాగితం మీద మాట, అంతే."

"కాగితం మీద మాటైతే నా చేతికి ఆ పట్టీ ఎందుకు కట్టిండ్రు రా?"

యమున లేచి శశాంక్ వైపు తిరిగింది.

"నాతోని ఏమన్నవ్? అమ్మకు బయటి తిండి పడదు, రూంలనే తింటనన్నది అన్నవ్. నేను రెండుసార్లు అడిగిన నిన్ను."

"పిల్లలను రానియ్యరని గద నాకు చెప్పిండు," అంది వినోద.

"పక్క టేబుల్ కాడ ఇద్దరు పిల్లలున్నరు అత్తమ్మా. పిల్లల కుర్చీలు కూడ ఉండె."

సారంగపాణి చేతిలో సుత్తె అలాగే ఉంది. వినోద కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"నిజం చెప్పు. ఎందుకు?"

"మా మేనేజర్ ఫ్యామిలీ కూడ అక్కడనే దిగిండ్రమ్మా," అన్నాడు శశాంక్ నేల చూస్తూ. "రెండు పూటలు వాళ్లతోనే తిన్నం. అక్కడ స్పూన్లు, ఫోర్కులు... నువ్వు పరేషానైతవని..."

"నేను పరేషానైతననా? నువ్వు పరేషానైతవనా?"

వాడు చెప్పేదాకా వినోద ఆగలేదు.

"నీ ఎనిమిదో తరగతిల స్కూల్ ఫంక్షన్ యాదికున్నదా?" వినోద గొంతు అరుపు నుంచి దిగి వచ్చింది. అయినా ప్రతి మాటా గట్టిగానే పడింది. "నూలుకు రంగులద్ది వచ్చిన. చేతులు మోచేతుల దాక నీలం. సిగ్గయి గేటు కాడ్నే నిలవడ్డ. నువ్వు స్టేజీ దిగి ఉరికొచ్చి, అందరు చూస్తాంటె ఈ చెయ్యి పట్టుకొని ముందు వరుసల కూసోబెట్టినవ్. మా అమ్మ అని సారుకు చెప్పినవ్. ఆ పోరడు ఏడ పోయిండు రా? నేను పెంచింది వాన్ని. నువ్వెవరివో నాకు తెల్వదు."

శశాంక్ కుర్చీలోంచి జారినట్టు నేల మీద కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నా వినోద దగ్గరికి వెళ్లలేదు. మిన్ను వెళ్లి తండ్రి మోకాలు పట్టుకుంది.

సారంగపాణి సుత్తె కింద పెట్టాడు. "సందంత చెప్పుకున్న రా," అన్నాడు. పటాన్ని గోడకు ఆనించి పెట్టాడు.

అరుపులు విని పూలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందక్కా?" అంటూ గోడకు ఆనించిన పటం చూసి, "అబ్బ, ఎంత మంచిగుంది! నీ కొడుకు బంగారం," అంది.

వినోదకు అలవాటైన అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె పెదవి కదిపేలోపే శశాంక్ లేచాడు. కళ్లు తుడుచుకోలేదు.

"బంగారం గాదు చిన్నమ్మా. నేను అమ్మను సముద్రం చూపియ్యనీకి తీస్కపోలే. పాపను చూసుకోనీకి తీస్కపోయిన. హోటల్ల ఆయా అని రాపించిన. మా మేనేజర్ ముందర అమ్మను కూసోబెట్టనీకి సిగ్గువడ్డ. నాలుగు రోజులు నేను మంచి మంచియి తిని, మా అమ్మకు చల్లారిన అన్నం పంపిన."

పూలమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. సాయంత్రానికి ఈ సంగతి సందంతా తెలుస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. శశాంక్‌కు ఇంకా బాగా తెలుసు. తెలిసే చెప్పాడు.

వినోద కొడుకునే చూస్తూ నిలబడింది. సందు ముందు తలెత్తుకోలేమని పది రోజులు భయపడింది. మాట బయటపడ్డాక తలదించుకుని నిలబడ్డది తను కాదు. పది రోజులుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటికి వచ్చింది. యమున వచ్చి ఆమెను పట్టుకుంది. "నేనన్నా నీ దగ్గరికొచ్చి అడగాల్సింది అత్తమ్మా," అని ఆమె కూడా ఏడ్చింది. పూలమ్మ చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

కొంతసేపటికి శశాంక్ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మాఫ్ చెయ్యి. గోవా పోను. ఇంకోసారి నిన్నూ బాపునూ ఇద్దరినీ..."

"వద్దు," అంది వినోద చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. "నాకు ఏ హోటలూ వద్దు. సముద్రం చూడాలనిపిస్తె మీ బాపు, నేను రైలెక్కి పోతం."

"మరి నా మీద కోపం?"

"పోలే. ఒక్క రోజుల పోయే కోపం గాదు ఇది." ఆమె వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది. "వచ్చే ఆదివారం రా. ఆ తర్వాత ఆదివారం కూడ రా. కోపం పోయేదాక వస్తనే ఉండు."