రెండు చెవులూ కనపడాల

యూనీస్ పెరట్లో తెల్ల దుప్పటి జాడిస్తోంది. ముందుగదిలో ఆమె నడిపే నెట్ సెంటర్లో పాస్‌పోర్ట్ ఫొటోలకు వెనకాల కట్టేది అదే. బళ్లారి రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు తిరిగినంత కాలం పొద్దుటి తెలుపు సాయంత్రానికి ఎరుపే. రోజూ ఉతకాల్సిందే. ఒక మూల మరక మాత్రం ఎంత ఉతికినా పోలేదు. అది దుమ్ము కాదు. ఆర్నెల్ల కిందట చోరనూరు దగ్గర లారీ తొక్కేసిన ఎరిక్‌ను ఈ దుప్పటి కప్పే ఇంటికి తెచ్చారు.

ఎరిక్ ఆమె అన్న. ఊరి దృష్టిలో సర్వేయరు, నిజానికి సీక్రెట్ ఏజెంట్. అతని పని ఇప్పుడు చెల్లెలిది. ఇంటి బయట ఆ సంగతి తెలిసింది బజారులో జవళి అంగడి నడిపే రాజగోపాలయ్య ఒక్కడికే. ఆయనే చీఫ్.

పొద్దున ఫోన్లో బ్రీఫింగ్ అర నిమిషంలో ముగిసింది.

"విదేశీ ముఠా, అయిదుగురమ్మా. డ్యాం గేట్ల డ్రాయింగులు కొట్టేసినారు. సిరుగుప్ప లాడ్జిలో ఉండారు, చుట్టూ మనోళ్లు కాపు కాసినారు. లోపలంతా వడ్ల వ్యాపారులే. మొహాలు తెలీకుండా ఎవర్ని పట్టేది?"

"మొహాలు ఈడికే వస్తాండాయి సార్. దుబాయికి టూరిస్ట్ వీసా, ఆన్‌లైన్లో. ఆరుగురికి అప్లై చేసేకి వస్తానని లోయిస్ ఫోన్ చేసింది."

లోయిస్ ఎరిక్‌తో కలిసి పనిచేసిన ఏజెంట్, అతను పెళ్లి చేసుకోవాల్సిన పిల్ల. ఎరిక్ చివరి మెసేజ్ యూనీస్ సెల్లులో ఇంకా ఉంది: "నేను వచ్చే దోవ లోయిస్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు."

పదకొండుకు లోయిస్ దిగింది. నల్ల కళ్లద్దాలు, గదంతా సెంటు వాసన.

"ఏంది యూనీసూ, అట్ల ఎండిపోయినావు?"

"నువ్వు పచ్చగుండావులే వదినా. ముందు నీ ఫొటో తీస్తా, నిలబడు."

లోయిస్ దుప్పటి ముందు నిలబడింది. మరక సరిగ్గా ఆమె భుజం పక్కనే ఉంది.

"నవ్వగూడదు. అద్దాలు తీసి ఆడ పెట్టు. జుట్టు వెనక్కి తోసుకో. రెండు చెవులూ కనపడాల."

"దొంగలకు పెట్టినట్టు పెట్టినారే రూల్సు!"

కెమెరా క్లిక్‌మంది.

"ఇంక నువ్వు లేయ్, నేనే టైపు కొట్టుకుంటా." లోయిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది, మానిటర్ తనవైపు తిప్పుకుంది, మిగతా అయిదుగురి ఫొటోలూ పాస్‌పోర్టులూ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టింది.

యూనీస్ పక్కన స్టూలు మీద కూర్చుంది. టేబుల్ కింద పాత కుట్టుమిషన్ పెడల్ ఉంది. దాన్ని తొక్కితే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చీఫ్ అంగడికి పోతుంది. నాలుగు నిమిషాలు చాలు. చిక్కల్లా ఒకటే, అంతసేపూ పెన్‌డ్రైవ్ లైటు టపటపా కొట్టుకుంటుంది. లోయిస్ చూపు ఆ లైటును వదలడం లేదు.

పేరు, పాస్‌పోర్ట్ నంబరు, హోటల్. ప్రయాణ కారణం: విహారం. ఆరు ఫారాలూ నిండాయి. బాణం గుర్తు సబ్మిట్ మీదికి చేరింది.

"అమ్మా! వదిన దూరదేశం పోతాండాది," కేకేసింది యూనీస్.

జ్ఞానకుమారి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ప్రార్థన చేసుకోకుండానే నొక్కుతావా తల్లీ?"

లోయిస్ వేలు ఆగిపోయింది. చర్చి మిషన్ కాంపౌండులో పెరిగినవాళ్లు ప్రార్థన లేకుండా బస్సు కూడా ఎక్కరు. చిన్నప్పుడు మధ్యలో కన్ను తెరిస్తే తొడపాశమే. ఎన్ని ట్రైనింగులైనా ఆ భయాన్ని పోగొట్టలేదు. కళ్లు మూసుకుంది.

యూనీస్ పెడల్ తొక్కింది. లైటు కొట్టుకోసాగింది.

"ప్రేమగల తండ్రీ, ఈ బిడ్డను నీ చేతికి అప్పగిస్తాండాం. విమానం నడిపేవాళ్లను కాపాడు. కస్టమ్స్ ఆఫీసర్లకు మంచి బుద్ధి ఇయ్యి..."

జ్ఞానకుమారి ఒక కన్ను తెరిచి కూతుర్ని చూసింది. యూనీస్ తల అడ్డంగా ఊపింది.

"...ఇంకా తండ్రీ, దుబాయి ఎండలను తగ్గించు. తెక్కలకోట బస్సు డ్రైవర్లను గూడా..."

లోయిస్ రెప్పలు అదిరాయి. అదే క్షణంలో లైటు ఆగింది. యూనీస్ దగ్గింది.

"ఆమేన్!"

లోయిస్ సబ్మిట్ నొక్కింది. రసీదు వచ్చేలోగా జ్ఞానకుమారి టీ తెచ్చింది. కప్పు సగం కాకముందే ఫోన్ మోగింది. యూనీస్ స్పీకర్ పెట్టింది.

"అయిదుగురూ దొరికినారమ్మా, డ్రాయింగులతో సహా. ఆరో మొహం యాడ?"

"నా ఎదురుగ్గా టీ తాగతాండాది సార్."

బయట పోలీసు జీపు ఆగింది. లోయిస్ మొహం పాలిపోయింది.

"అత్తా, నువ్వు గూడానా? ప్రార్థనలో మోసమా?"

"నేను చేసింది ప్రార్థనేనమ్మా," అంది జ్ఞానకుమారి. "కండ్లు మూసుకునింది నువ్వు. నా కొడుకు గూడా నిన్ను నమ్మి అట్లే మూసుకున్నాడు."

యూనీస్ ప్రింటర్‌లోంచి ఫొటో తీసి లోయిస్ చేతిలో పెట్టింది. "నవ్వలేదు గాబట్టి బాగొచ్చింది వదినా. ఉంచుకో. జైల్లో గూడా ఇదే సైజు అడుగుతారు."

లోయిస్ ఫొటోను చూసుకుంది, భుజం పక్కనున్న మరకను చూసింది. నల్ల కళ్లద్దాలు టేబుల్ మీదే వదిలేసి, జీపు వైపు గడప దాటింది.