కట్టుకున్నది సర్దిన పెట్టె

"నూలు తెగింది," అన్నాడు విన్సెంట్.

"ముడెయ్యాలె," అన్నాడు రాజలింగు.

కోడ్ సరిపోయింది. వరంగల్‌లో ఆ మరమగ్గాల షెడ్డు చూసినవాళ్లు లోపల లుంగీలు నేస్తారనుకుంటారు. నేసేది వల. మగ్గాలు మోగుతుంటే ఏ దొంగ మైక్‌కీ ముక్క వినపడదు. అందుకే సీక్రెట్ సర్వీస్ చీఫ్ రాజలింగు దేశ రహస్యాలన్నీ అక్కడే, గొంతు చించుకుని అరిచి చెప్తాడు.

"మిస్సైల్ డ్రాయింగులు కొట్టేసిన విదేశీ ముఠా రేపు వాటిని చేతులు మార్చుతాంది. ములుగు అడవిల, పాత తునికాకు గోదాంల. మనం కాంట్రాక్టర్ల వేషంల పోతం. నీకూ నాకూ తప్ప ఎవలకు తెల్వదు. ఇంట్ల ఏం చెప్తవ్?"

"తొర్రూరుల మీటింగ్ అని చెప్త అన్నా!"

ఇంట్లో విన్సెంట్ ఇన్సూరెన్స్ ఏజెంట్. 'ఏజెంట్' వరకు నిజమే కనుక ఆదివారం చర్చిలో పెద్దగా ఇబ్బంది పడేవాడు కాడు. భార్య లిదియా ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆమె వార్డులోకి వస్తే తగ్గిన జ్వరాలు కూడా తిరిగొస్తాయని పేరు. మొగుడు ఏ ఊరు పోయినా మందుల పెట్టె ఆమే సర్దాలి.

"తొర్రూరుకు గింత పెట్టెనా, లిదియా?"

"నర్సును చేసుకున్నవ్, మొయ్యి." గోలీల స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించింది. "ఎక్స్‌పైరీ డేట్ ఉన్న ముక్క నీ దగ్గర పెట్టుకో. డేట్ తెల్వని గోలీ మింగద్దు. పెట్టెను డిక్కీల పడెయ్యకు, చేతిసంచిల పెట్టుకో. టైంకు అందకపోతే అది ఫస్ట్ ఎయిడ్ కాదు, ఫస్ట్ ఏడుపు."

ఇలాంటి జోకులు ఆ ఇంట్లో అతని సొత్తు. ఆమె వేసిందంటే ఏదో తేడా ఉందని గూఢచారికి తట్టకపోయినా మొగుడికి తట్టాల్సింది.

గుమ్మంలో అతని నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక కూడా చెయ్యి తీయలేదు.

ములుగు దాటాక జీపు కుదుపులకు విన్సెంట్ నకిలీ మీసం ఊడింది, నిజం తలనొప్పి అంటుకుంది. గోదాం ముందు జీపు ఆగగానే గోలీ కోసం పెట్టె తెరిచాడు.

దూది, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. వాటి కింద దోమల క్రీము. పాము కరిస్తే చుట్టే వెడల్పాటి పట్టీలు. తొర్రూరు మీటింగులో పాములా? ఆఫీసు పాములకు పట్టీలు పనిచెయ్యవే! అడుగున గాజుగుడ్డ, కాలిన గాయాలకు పూసే మలాము. మూడు ట్యూబులు.

లిదియా నోరు తొర్రూరు అంటే సరేనంది. చేతులు మాత్రం అడవికి సర్దాయి. మనిషి ఎక్కడికి పోతున్నాడో తెలిశాక, ఆ చోటికి కావలసింది పెట్టకుండా నర్సు చెయ్యి ఊరుకోదు. అంటే ఆమెకు ఈ చోటు తెలుసు. మరి మంట?

తలెత్తాడు. రాజలింగు గోదాం తలుపు గొళ్లెం లాగబోతున్నాడు.

"అన్నా, ముట్టకు!"

గొళ్లెం వెనక సన్నని తీగ. తీగ చివర బాంబు, చుట్టూ పెట్రోలు డబ్బాలు. మంట చూద్దామని వెనక పొదల్లో కాచుకున్న ముఠా డ్రాయింగులతో సహా దొరికింది.

"ఎట్ల తెలిసిందిరా?"

విన్సెంట్ ట్యూబు చూపించాడు. రాజలింగు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"జర నువ్వే పోయి అడుగు, తమ్మీ."

ఇంట్లో లిదియా బట్టల సంచి సర్దుకుని కుర్చీలో కూర్చుంది. పారిపోలేదు. విన్సెంట్ రాగానే ముందు అతని చేతులు తిప్పి చూసింది.

"కాలలే," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది. "మా తమ్ముడు ఫ్రాన్సిస్ ఆ ముఠోళ్ల కాడ ఉన్నడు. కంప్యూటర్ నౌకరీ అని పరాయి దేశం పిలిచి, గదిల పెట్టి కొడుతాండ్రు. నీ సంగతి చెప్తే ఇడుస్తమన్నరు."

"చోటు ఎట్ల తెలిసింది?"

"షెడ్డుల అరిచి అరిచి అలవాటై ఫోన్ల గూడ అరుస్తవ్. నిన్న డాబా మీద ములుగు, గోదాం అన్నవ్. గోదాం ఒక్కటే కాలవెడుతం, మనుషులకు ఏం కాదన్నరు."

"ఏం కానప్పుడు మూడు ట్యూబులెందుకు పెట్టినవ్?"

లిదియా అతని చేతులు మళ్లీ తిప్పి చూసింది.

ఇన్నేళ్లూ కట్టుకథలు చెప్పింది అతను. కట్టుకున్నది ఒక్కసారే మోసం చేసింది, అదీ కట్టు సామాను చేతికిచ్చి.

బయట మహిళా కానిస్టేబుళ్లు వచ్చారు. విన్సెంట్ ఆమె సంచి తెరిచాడు. చీరలు, బైబిలు. ఒక్క మందూ లేదు. పెట్టెలో చేతికందినవన్నీ అందులో వేయసాగాడు. తలనొప్పి గోలీల స్ట్రిప్‌ను రెండు ముక్కలు చేసి, డేట్ ఉన్నది ఆమెకు పెట్టాడు.

"కత్తెర తియ్యి. జైల్ల రానియ్యరు," అంది.

"దొరికినోళ్లు జాడ చెప్తాండ్రు. ఫ్రాన్సిస్‌ను నేను తీసుకొస్త."

"వానికి ఆయాసం. పీల్చే పంపు పెట్టుకపో. చేతిసంచిల."

లిదియాను ఎక్కించుకుని పోలీసు జీపు వెళ్లిపోయింది. విన్సెంట్ చేతిలో డేట్ లేని ముక్క మిగిలింది. అలాంటి గోలీ మింగకూడదు.

మింగాడు. తలనొప్పి మాత్రం తగ్గింది.