కాగితం పెళ్ళికూతురు

చైనా తీరాన మా ఆమోయ్ ఊళ్ళో, చేపల బజారు వెనక, సముద్రపు గోడకి ఆనుకుని ఒక మూడంతస్తుల మేడ ఉండేది. చీకటి పడ్డాక ఆ మేడ ముందు నుంచి నడిచినవాళ్ళు తక్కువ. నడిచినవాళ్ళు కూడా రెండోసారి నడవలేదు.

మేడగల ఆసామి జపాను సైన్యం దిగకముందే సంసారాన్ని తీసుకుని మనీలా ఓడెక్కేశాడు. తలుపుకి తాళం. తాళానికి తుప్పు. మరి రాత్రిపూట పై అంతస్తులో ఆ చెక్కచెప్పుల చప్పుడెవరిది? టక్... టక్... టక్... కిటికీ దాకా వచ్చి ఆగిపోయేది. ఆ తర్వాత ఎవరో సన్నగా నవ్వేవాళ్ళు.

పెళ్ళి కుదిరాక జ్వరమొచ్చి పోయిన పిల్లట. పేరు సూయిన్. ఇంట్లో అందరూ ఓడెక్కారు గానీ ఆ పిల్లని మాత్రం ఎవరూ పిలవలేదట... పాపం, అందుకే ఉండిపోయిందట.

ఇదంతా నేను కళ్ళతో చూసింది కాదు. మా అత్తగారు చెప్పింది. మా అత్తగారు మామూలు మాటకే ఉప్పూ కారం దట్టించే మనిషి, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. సగమే నమ్మాలనిపిస్తే సగమే నమ్మండి. ఏ సగమో మాత్రం నన్నడక్కండి.

అప్పట్లో కిమ్‌తెక్ అని ఒక పోలీసు ఉండేవాడు. ఈ ఊరి నీళ్ళు తాగి పెరిగినవాడే. జపానువాళ్ళు టోపీ ఇస్తే సంబరంగా పెట్టుకున్నాడు. రేవు దగ్గర కాపలా. ఆడవాళ్ళ బుట్టలు బోర్లించి మంచి చిలగడదుంప కనబడితే జేబులో వేసుకునేవాడు. తుపాకీ సైనికుడికి సరిగ్గా వంగలేదని ముసలాళ్ళ మెడలు పట్టి వంచేవాడు. నలభై రెండేళ్ళొచ్చినా పిల్లనిచ్చిన మనిషి లేడు. ఎవరిస్తారండీ అలాంటివాడికి?

వాడికి ఇంకో గుణం ఉంది. దారిలో ఏది కనబడ్డా వంగి తీసుకోవాల్సిందే. మేకైనా సరే, గుండీ అయినా సరే, తాడుముక్కైనా సరే.

ఏడో నెల. దయ్యాలకి తలుపులు తెరిచే నెల. కాపలా దిగి, ఎండు స్క్విడ్ చేప నములుకుంటూ ఆ మేడ ముందుకొచ్చాడు కిమ్‌తెక్. రోజూ పక్క సందులోంచి చుట్టూ తిరిగి పోయేవాడే. ఆ రాత్రి వాన పడి ఆ సందులో నీళ్ళు నిలిచాయి...

టక్... టక్...

పైకి చూడలేదు. చూడకూడదనే అనుకున్నాడు. తల దించుకుని గబగబా నడుస్తున్నాడు. సరిగ్గా మెట్ల ముందు, తడిరాయి మీద — ఎర్రగా ఏదో.

కవరు. మడత నలగని ఎర్ర కాగితం కవరు.

వంగాడు. తీశాడు. తెరిచాడు.

లోపల జుట్టుపాయ. నాలుగు గోటిముక్కలు. ఒక చీటీ మీద పుట్టిన ఏడు, నెల, ఘడియ...

వాడి నోట్లో స్క్విడ్ నోట్లోనే ఉండిపోయింది. మా వైపు పుట్టినవాడెవడికీ ఇది విప్పి చెప్పక్కర్లేదు. పెళ్ళికాకుండా పోయిన పిల్లకి పుట్టింట్లో పెద్దల్ని కొలిచే పీఠం మీద చోటుండదు. అందుకని దాని జుట్టూ గోళ్ళూ ఎర్ర కవరులో పెట్టి దారిలో పడేసి, ఇంటివాళ్ళు చాటున కాచుకుంటారు. తీసినవాడే మొగుడు. కాదన్నవాళ్ళు ఏమయ్యారంటారా? చెప్పడానికి ఒక్కడూ మిగల్లేదంటారు.

వెనక నుంచి... చెవి పక్కనే...

"అల్లుడుగారూ... వచ్చారా నాయనా?"

తెల్లటి ముఖం, విరబోసిన జుట్టు, చేతిలో అగరొత్తులు. ఒకావిడ గోడలోంచి వచ్చినట్టే వచ్చింది.

"నేను కాదు... ఎవరిదో పడిపోయిందనుకుని..."

"పడిపోలేదు నాయనా. మూడు రాత్రులుగా మీకోసమే ఉంది. దారినపోయినవాళ్ళెవరినీ మా సూయిన్ ఒప్పుకోలేదు. మీ అడుగుల చప్పుడు వినగానే నవ్వింది. వినలేదూ?"

"అమ్మా, నా జీతం చాలా తక్కువ..."

"దానికి తిండి ఖర్చు లేదుగా!"

వాడు మోకాళ్ళ మీద కూలబడి బావురుమన్నాడు.

సరే, ఇక్కడ కాసేపు ఊపిరి తీసుకోండి. ఆ తెల్లముఖం ఎవరిదనుకున్నారు? మా అత్తగారిది! బియ్యప్పిండి పూసుకుంది. చనిపోయినవాళ్ళ కోసం కాగితం ఇళ్ళూ గుర్రాలూ పల్లకీలూ చేసి అమ్మే కొట్టు ఆవిడది. ఆ చెక్కచెప్పులు ఆవిడ చెల్లెలు పెక్‌హావి. కాళ్ళకి కాదు, చేతులకి తొడుక్కుని నేల మీద కొట్టేది. ఇక సూయిన్ అంటారా... ఆ మేడ ఆసామికి ఆడపిల్లే లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక మధ్యాహ్నం వేరుశనగ పాయసం తాగుతూ పుట్టించి, చంపేశారు ఆ పిల్లని!

ఎందుకంటే ఆ మేడ పై అంతస్తులో నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. బూన్‌సెంగ్. పడవవాడు. జపానువాళ్ళు వెతికే మనుషుల్నీ, మందుల్నీ చీకట్లో సముద్రం దాటించి, జపాను సైన్యం లేని అవతలి గట్టుకి చేర్చేవాడు. పదకొండు రోజుల కిందట భుజంలో తూటా దిగింది. తూటా తీశారు గానీ జ్వరం తగ్గలేదు. దాంతోపాటు పాడు దగ్గు ఒకటి పట్టుకుంది.

ఈలోగా పిడుగులాంటి వార్త. సోమవారం నుంచి ఆ మేడలో జపాను ఆఫీసర్లు దిగుతారట. ఆడదయ్యం ఉందంటే వాళ్ళు పగలబడి నవ్వారట. సోమవారానికి మూడు రోజులుంది. బూన్‌సెంగ్ దొరికితే వాణ్ణి చంపుతారు. వాడికి గంజి పోసిన చేతుల్ని కూడా వదలరు.

మా అత్తగారు చెల్లెలితో గొంతు తగ్గించి చెప్పింది.

"నువ్వెళ్ళిపోవే. నిన్నొక్కదాన్నీ కూరగాయల పడవలో ఎలాగోలా దాటిస్తా. వాడి సంగతి నేను చూసుకుంటా."

"అక్కా, ఇంకోసారి ఆ మాటన్నావంటే నీ కొట్టుకి నిప్పు పెడతా. వాడు లేని గట్టు నాకెందుకు?"

"అంతగా ఏం చేశాడే నీకు?"

"ఏమీ చెయ్యలేదు. నిన్న చెయ్యి పట్టుకోబోయాడు... దగ్గొచ్చింది."

అక్కా చెల్లెలూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారట. నవ్వుతూనే ఏడ్చారట. ఆ ఏడుపులోనే పుట్టింది ఈ పెళ్ళి ఆలోచన. చచ్చిన పెళ్ళికూతురి పల్లకీని ఏ పోలీసు ముట్టుకుంటాడు? అందులోనూ పెళ్ళికొడుకు ఆ రేవు పోలీసే అయితే?

ఆదివారం చీకటి పడగానే మేడ కింద గదిలో పెళ్ళి. ఎర్ర పట్టుబట్టలు కట్టి, ముసుగు వేసి, కాగితం పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టారు. కిమ్‌తెక్ దాని పక్కన నిలబడి ఆకాశానికీ భూమికీ దణ్ణం పెట్టాడు. పెళ్ళికూతురి వైపు దణ్ణం పెట్టేటప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇక దీన్ని అవతలి గట్టుకి తీసుకెళ్ళి మా పెద్దల ముందు మొక్కించాలి నాయనా. రేవు దాకా సాగనంపే బాధ్యత మీదే," అంది మా అత్తగారు. "ముందు తియ్యటి పాయసం తాగిరండి."

వాడు వంటింట్లో పాయసం తాగే లోపల ఇక్కడ పెళ్ళికూతురు మారిపోయింది. బూన్‌సెంగ్‌కి మీసం గొరిగి, ముఖానికి గంజితో తెల్లకాగితం అంటించి, బుగ్గలకి ఎర్రరంగు దిద్దింది పెక్‌హా.

"ఇంత అందగత్తెవని తెలిస్తే పిల్లని చూడ్డానికి నేనే వచ్చేదాన్ని," అంది చెవిలో.

"నవ్వించకు... నవ్వితే దగ్గొస్తుంది."

"పల్లకీలో దగ్గావంటే చస్తావు. నీతోపాటు నేనూ చస్తా. గుర్తుపెట్టుకో."

బయల్దేరారు. ముందు లాంతరు పట్టుకుని పెక్‌హా. పల్లకీ మోస్తూ చేపల బజారు కుర్రాళ్ళిద్దరు. ఎడంపక్క గుండెలు బాదుకుంటూ మా అత్తగారు. కుడిపక్క, తెరని ఆనుకుని, పెళ్ళికొడుకు. లోపలుంది కాగితమేనాయె, మోసేవాళ్ళకి చెమట పట్టకూడదు! ఆ కుర్రాళ్ళు పళ్ళు బిగించి, ఈల వేసుకుంటూ మోశారు పాపం.

రేవు. ముళ్ళతీగ. తుపాకీతో జపాను సైనికుడు.

అందరూ వంగారు. వాడు టార్చి వేసి పల్లకీని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత మోసేవాళ్ళ మెడల మీద వెలుగు ఆపాడు. చెమట మెరుస్తోంది.

"కాగితం... ఇంత బరువా?"

కిమ్‌తెక్ ఇంకొంచెం వంగాడు. "దయ్యం ఎక్కి కూర్చుంది కదా దొరా... బరువుండదా?"

"ముసుగు తియ్యి."

"వద్దు దొరా! ముసుగు తీసినవాడే మొగుడు. నాకంటే ముందు తమరు తీస్తే... అది తమ వెనకే జపాను దాకా వస్తుంది."

సైనికుడు నవ్వాడు. తుపాకీ చివరి కత్తిని ముందుతెర సందులోంచి లోపలికి పెట్టాడు. ముసుగు అంచు కొంచెం లేచింది... ఇంకొంచెం...

పెక్‌హా వెనక్కి తిరగలేదు. తిరిగితే తన ముఖమే పట్టిచ్చేస్తుంది. లాంతరు పిడిని బిగించి పట్టుకుని సముద్రం వైపే చూస్తూ నిలబడింది. వాడు గుచ్చితే ఈ లాంతరు వాడి ముఖాన పగలగొట్టాలి, అంతే. ఆ తర్వాత ఏమైనా కానీ.

అప్పుడు... పల్లకీలోంచి...

"ఖ—"

సగం దగ్గు.

అందరూ విన్నారు. సైనికుడూ విన్నాడు. మోసేవాళ్ళ ఈల ఆగిపోయింది. మా అత్తగారి ఏడుపు ఆగిపోయింది.

మిగతా సగం కోసం అందరూ ఎదురుచూశారు. రాలేదు.

పల్లకీ చిన్నగా ఊగింది. మళ్ళీ నిలిచింది. లోపల శ్వాస చప్పుడు కూడా లేదు. ఒకటి, రెండు, మూడు అలలు రేవు మెట్లకి కొట్టుకున్నాయి... అయినా రాలేదు.

"చూశారా దొరా!" కిమ్‌తెక్ పల్లకీకి తల ఆనించి గొల్లుమన్నాడు. "కోపమొచ్చింది దానికి! నా కొంప ముంచారు! రేపట్నుంచి నాతో కాపురం చేస్తుందా ఇది?"

కత్తి మెల్లగా బయటికొచ్చింది. సైనికుడు రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళండి, వెళ్ళండి అని చెయ్యి ఊపాడు. పల్లకీ దాటుతుంటే... ఊరి చేత రోజంతా దణ్ణాలు పెట్టించుకునే ఆ మనిషి... నడుము వంచి పల్లకీకి దణ్ణం పెట్టాడు.

పల్లకీని పడవలోకి దింపారు. మా అత్తగారూ పెక్‌హా ఎక్కారు. మోసిన కుర్రాళ్ళే తెడ్లు అందుకున్నారు. కాపలా వదిలి రావడానికి వీల్లేదని పెళ్ళికొడుకు మెట్ల మీదే ఉండిపోయాడు. రేవు దీపాలు చిన్నవయ్యేదాకా గబగబా తెడ్లు వేశారు.

అప్పుడు పెక్‌హా ముసుగు లాగేసింది. బూన్‌సెంగ్ పడవ అంచు మీదికి వాలి, ఆపుకున్న దగ్గంతా దగ్గాడు. ముఖం మీది కాగితం ముక్కలై నీళ్ళలో పడింది. వాణ్ణి వాటేసుకుని వీపు రాస్తూ అడిగింది.

"ఎలా ఆపుకున్నావురా నా తండ్రీ?"

"నేనెక్కడ ఆపుకున్నాను? నువ్వేగా ఆపింది. తెరలోంచి చెయ్యి పెట్టి నోరు నొక్కేశావు కదా! ఊపిరాడక చచ్చాననుకున్నా."

పెక్‌హా చెయ్యి వాడి వీపు మీద ఆగిపోయింది.

"నేను ముందు నడిచాను. లాంతరు నా చేతిలోనే ఉంది."

"అయితే అక్క..."

"నేను రెండు చేతుల్తో గుండెలు బాదుకుంటున్నా," అంది మా అత్తగారు. "అదీ ఎడంపక్క."

"చెయ్యి కుడిపక్క నుంచి వచ్చింది..."

తెడ్లు ఆగిపోయాయి. పడవ చీకట్లో తనంతట తనే కదులుతోంది. సూయిన్ అనే పిల్ల లేనే లేదని అందులో అందరికీ తెలుసు. అయినా పెక్‌హా ఒళ్ళంతా గగుర్పొడిచింది. దయ్యమంటే భయమో, తన మనిషిని ఇంకెవరో తాకారన్న కోపమో, ఆవిడకే తెలియలేదట.

"ఆ చెయ్యి... చల్లగా ఉందా?" అని గుసగుసగా అడిగింది.

"చల్లగానా? చెమటతో తడిసిపోయింది. వణుకుతోంది కూడా. ఎండు స్క్విడ్ వాసన."

ముగ్గురూ ఒక్కసారే రేవు వైపు తిరిగారు.

మెట్ల మీద ఒక దీపం. దాని పక్కన టోపీ పెట్టుకున్న మనిషి. వెనక తుపాకీతో సైనికుడు నిలబడి ఉండగానే, పెళ్ళాన్ని సాగనంపే మొగుడిలా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, సముద్రమంతా వినబడేలా అరిచాడు.

"అత్తయ్యా! మీ అమ్మాయికి ఆ దగ్గు తగ్గేదాకా మందు పట్టించండీ!"

మా అత్తగారు పడవలో లేచి నిలబడింది. కళ్ళనీళ్ళతో బియ్యప్పిండి అంతా చారలు కట్టింది.

"అలాగే అల్లుడుగారూ!" అంది.