గుర్రమైన అన్నయ్య, ఎండిన గన్నేరు

పిల్లలూ, కుంతలగిరి రాజ్యానికి పెద్ద చిక్కొచ్చి పడింది. రేపోమాపో పట్టాభిషేకం కావలసిన యువరాజు రత్నకేతుడు వేటకెళ్ళి, ఊరికే సరదాకి, ఒక రక్కసి పెంచుకున్న మొక్కలను కత్తితో నరికాడు. ఆమెకు ఒళ్ళు మండి అతణ్ణి గుర్రంగా మార్చేసింది. ముసలి రాజు దిగులుతో మంచం పట్టాడు.

చెల్లెలు కుముదిని ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఆ పిల్లకు ప్రశ్నల పిచ్చి. రక్కసినే అడిగి తేల్చుకుంటానని, అన్నయ్య కళ్ళెం పట్టుకుని అడవి దారి పట్టింది.

దారిలో ఉమ్మెత్తలు తలలూపి విందుకు పిలిచాయి. గుర్రం వాసన చూసి మొహం తిప్పుకుంది. గన్నేరు చెట్టు వంగి కొమ్మ అందించింది. గుర్రం ఒక ఆకు కొరికి, చేదని ఉమ్మేసింది. ఏది విషమో గుర్రానికే తెలుస్తుంది కాబోలని కుముదినికి ధీమా కలిగింది. ఆ ధీమాతోనే రక్కసి గుహ ముందున్న ఎండుగడ్డి దానికి మేపింది. అందులో ఎండిన గన్నేరాకులు కలిసి ఉన్నాయి. ఎండితే చేదు తగ్గుతుంది గానీ విషం తగ్గదని ఆ పిల్లకేం తెలుసు, పాపం!

కాసేపటికే గుర్రానికి చెమటలు పట్టాయి. కాళ్ళు వణికి కూలబడింది. కుముదిని గడ్డి కెలికి చూస్తే ఎండిన గన్నేరాకులు బయటపడ్డాయి. గుహలోంచి రక్కసి రాగానే కుముదిని కాళ్ళమీద పడి శాపం తీసెయ్యమంది.

"మొక్కల గురించి నాకు తెలియనిది లేదు. నాకు తెలియనిది ఏదైనా ఉంటే అడుగు, శాపం తీసేస్తాను" అంది రక్కసి.

"మొక్కలకు విషమెందుకు?"

"పారిపోవడానికి కాళ్ళు లేవు కదా పిల్లా!"

కుముదిని గుర్రాన్ని చూపించింది. "మా అన్నయ్య గన్నేరు తిన్నాడు. విరుగుడేమిటి అవ్వా?"

కక్కించమనబోయి రక్కసి ఆగిపోయింది. గుర్రం కక్కలేదు. దాని గొంతు దిగినది మళ్ళీ పైకి రాదు.

"నాకు తెలియదు" అంది రక్కసి, చిన్నబోయి.

"అయితే శాపం తియ్యి అవ్వా. మనిషైతే కక్కుతాడు!"

మాట తప్పితే రక్కసుల్లో పరువుండదు. ఆమె చెయ్యి విసిరింది. యువరాజు మనిషయ్యాడు, అవుతూనే రక్కసి పాదాల మీదే భళ్ళున కక్కాడు. అన్న వీపు నిమురుతూ కుముదిని సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

వారం తిరక్కుండా రత్నకేతుడు రాజయ్యాడు. నరికిన మొక్కలకు బదులుగా తనే నారు మోసుకొచ్చి నాటాడు. చెల్లెల్ని వరం కోరుకోమన్నాడు. కుముదిని అడవికి వెళ్ళనివ్వమంది. గన్నేరు తిన్న గుర్రానికి విరుగుడేమిటో తెలియక రక్కసికి నిద్ర పట్టడం లేదట, ఇద్దరూ కలిసి వెతుకుతారట.