ఆరో రూపానికి ముందు

"రేపు క్లాసులోనే కొంగను కాల్చేస్తారు," అన్నాడు కల్నల్ ఉర్రూతియా.

కొంగ అంటే మిలోష్. శత్రుదేశపు క్షిపణుల ఫ్యాక్టరీ నుంచి పారిపోయి వచ్చిన ఇంజినీరు. స్పెయిన్‌లోని సలమంకాలో విదేశీయులకు స్పానిష్ నేర్పే ఒక స్కూల్లో దొంగపేరుతో దాక్కున్నాడు. అక్కడి టీచరు లెయొకాదియా అందగత్తె, రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. శత్రువులు పంపిన హంతకుడికి మిలోష్ మొహం తెలియదు. ఆమె ఎవరిచేత 'చనిపోవు' అనే క్రియ ఆరు రూపాలూ చెప్పిస్తుందో వాడే గురి. ఆరోది నోట్లోంచి రాగానే తూటా. ఇదంతా ఆమే వచ్చి కల్నల్‌కు చెప్పింది. హంతకుడెవరో మాత్రం తెలియదంది.

మిలోష్‌ను తప్పించెయ్యొచ్చుగా అని ఏజెంటు సతుర్నీనో అడిగాడు.

"తప్పిస్తే హంతకుడు దొరకడు. ఆయుధం చేతిలో ఉండగా పట్టుకో. కొంగకు ఏమీ చెప్పకు."



మర్నాడు సతుర్నీనో జుట్టుకు పసుపు రంగు పూశారు. డెన్మార్క్ చేపల వ్యాపారిగా వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ రంగు కంపు, పక్కవాడి సాక్సుల కంపు. బోర్డు మీద క్రియారూపాలు బారులు తీరాయి. నిజానికి సతుర్నీనో ఇక్కడివాడే, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కసాయి కొట్లో చేరినవాడు. జరగనివాటి గురించి మాట్లాడే ఆ రూపాలు వాళ్లమ్మ తిట్లలో రోజూ విన్నవే. వాటికో పేరుందని ఇప్పుడే తెలిసింది. పాడు పేరు.

విరామంలో అందరూ ఎదురు బార్‌కు వెళ్లారు. తిన్నాక విదేశీయులంతా మూతి తుడిచిన కాగితాలు పట్టుకుని చెత్తబుట్ట కోసం వెతుక్కుంటున్నారు. కౌంటర్ కింద నేలంతా కాగితాలే, ఇక్కడివాళ్లు మూతి తుడుచుకుని అక్కడే పడేస్తారు. తన చేతిలోది అక్కడ పడెయ్యకుండా ఉండటానికి సతుర్నీనో పళ్లు బిగబట్టాడు. మొన్ననే ఫిన్లాండ్ నుంచి దిగానన్న యారి మాత్రం చూడకుండానే ఉండచుట్టి కింద విసిరాడు. ఈ గడ్డ మీద పుట్టినవాడి చెయ్యి అది. అమ్ముడుపోయిన చెయ్యి.

క్లాసులో సతుర్నీనో యారి వెనక బెంచీకి మారాడు.

లెయొకాదియా నవ్వుతూ మిలోష్‌ను లేపింది. 'చనిపోవు' అంది.

"మురియెరా, మురియెరాస్, మురియెరా..." మిలోష్ కళ్లు మూసుకుని అప్పజెబుతున్నాడు. "మురియెరామోస్, మురియెరాయిస్..."

అక్కడ ఆగిపోయాడు. యారి చేతిలో తూటా పట్టేంత లావుపాటి పెన్ను, మొన మిలోష్ గుండెకేసి.

"నోటి చివరే ఉంది, చెప్పండి," అని తియ్యగా అందించింది లెయొకాదియా.

మిలోష్ నోరు తెరిచాడు. సతుర్నీనో వాచీలోని మత్తు సూది యారి మెడలో దిగింది. సతుర్నీనో రెండో చెయ్యి పెన్నును ఒడిసి పట్టింది.

"ఏ ఊరురా నీది?" అని చెవిలో అడిగాడు.

"బేహార్..." సలమంకా పక్క ఊరే. యారి నాలుక మందగించింది.

"థూ. మా అమ్మదీ అదే."

యారి తల బల్ల మీద వాలింది. "మురియెరాన్!" అన్నాడు మిలోష్ గర్వంగా. అద్భుతం అంటూ లెయొకాదియా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం కల్నల్ ఫోన్ చేశాడు. "కొంగ కులాసా?"

"కులాసానే కల్నల్ గారూ. తను చావబోయిన సంగతి తప్ప అన్నీ నేర్చుకున్నాడు."