గోపయ్య ఇనుప కవచం

ఒంటి మీద మణుగు బరువు ఇనుప కవచం, చేతిలో తన ఎత్తు కత్తి, కింద అరబ్బీ గుర్రం. ఇట్లా మూడు పగళ్లు నేల మీద కాలు పెట్టకుండా యుద్ధం చేసిన మొనగాడు మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలించినా ఒక్కడే దొరుకుతాడు. ఆ మొనగాడు ఆ పొద్దున వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చాయిలో బిస్కెట్ ముంచాడు. అది కాస్తా మెత్తబడి గిలాసలో మునిగిపోతే, వేలితో పైకి తీయలేక తంటాలు పడుతున్నాడు.

"బిస్కెట్‌ను గెలువనోడు రాజును గెలిచిండంట," అంది అతని భార్య బక్కమ్మ, వాకిలి ఊడ్చే చేయి ఆపకుండానే.

"రాజును కాదే, సేనాపతిని. నెత్తి మీద ఒక్కటిస్తే ఇనుప టోపీ ఎగిరి కందకంల పడ్డది."

"పోయినేడు ముక్కు మీద కొట్టినన్నవ్."

"రెండు దెబ్బలు కొట్టిన. నువ్వు ఒకటే విన్నవ్."

గోపయ్య పడుచువాడిగా ఉన్నప్పుడు ఆ చుట్టుపక్కల ఒక గుట్ట కింద సినిమా తీశారు. రాజులు, కోట, యుద్ధం. ఇంట్లో అందరూ దాన్ని కోట సినిమా అంటారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా గోపయ్య ఆ యుద్ధం చేస్తూనే ఉన్నాడు. ఏడాదికేడాది గుర్రం ఎత్తు పెరిగింది, శత్రువులు పెరిగారు, వినేవాళ్లు తగ్గారు. చివరికి మిగిలింది ఒక్క త్రివేణి, కొడుకు పరమేష్ కూతురు.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో రాజుల సినిమా వస్తే ఆ తాతా మనవరాళ్లకు అడ్డంగా ఎవరూ నడవకూడదు. ఏనుగు నుదుటికి కూడా ఇత్తడి పలకలు తొడిగిన సినిమా తాతకు ప్రాణం. తెల్లదొరలు కాలి వేళ్ల దాకా ఇనుము తొడుక్కుని, గుర్రం మీంచి పడితే లేవలేక వెల్లకిలా పడ్డ తాబేళ్లలా కొట్టుకునే సినిమా మనవరాలికి ప్రాణం.

"ఏనుగు నడుస్తాంటే ఆ పలకలు గలగలమంటయ్ చూడు, నాకు రోమాలు లేస్తయ్!" అనేవాడు గోపయ్య.

"అవి కుట్టలే తాతా, అతికించిన్రు. ఏనుగు ఉరికిందంటే ఊడి ఎనక పడతయ్. ఇంకోటి, కత్తి తోలు ఒరల నుంచి తీస్తే గట్ల కణంగుమని మోగది."

"మోగకపోతే నేను టికెట్ పైసలు వాపస్ అడుగుత."

చూడ్డంతో ఆగలేదు త్రివేణి. డిగ్రీ చదువుతూనే అట్ట, ఫోమ్ షీట్, జిగురుతో డాళ్లు, శిరస్త్రాణాలు, రొమ్ము కవచాలు చేసింది. ఫొటోలు ఫోన్లో పెట్టింది. వాటిని చూసి, సినిమాలకు ఆయుధాలు, కవచాలు చేసే హైదరాబాద్ కార్ఖానా ఒకటి నిన్న ఫోన్ చేసింది. రేపు పొద్దున వచ్చి పనిలో చేరమన్నారు. ఆ పిల్ల గాల్లో తేలింది. కానీ రేపు పొద్దుననే నల్లగొండలో బీఎడ్‌లో చేర్పించాలని తండ్రి ఎప్పుడో నిశ్చయించాడు. ఈ సాయంత్రం ఆలేరులో రైలు ఎక్కాలంటే ఆయన ఒప్పుకోవాలి.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు గోపయ్య నిన్ననే. "సేనాపతినే పడగొట్టినోణ్ని. నీ డాడీ ఎంత?"

ఇప్పుడు ఆ డాడీ స్నానం చేసి అంగీ గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. మోత్కూర్‌లో ఎరువుల దుకాణంలో పని పరమేష్‌కు. నవ్వు అరుదు. గోపయ్య గిలాస కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"పరమేష్, పోరి రేపు నల్లగొండకు పోదు. హైదరాబాద్ పోతది. కవచాలు చేసే పనికి."

గుండీ మీద వేళ్లు ఆగాయి. "ఏం పనికి?"

త్రివేణి గడపలోకి వచ్చింది. "సినిమాలకు కత్తులు, కవచాలు చేసే జాగ డాడీ. వాళ్లే ఫోన్ చేసిన్రు. పిన్నీ వాళ్ల ఇల్లు ఉప్పల్‌లనే కదా, అక్కడ ఉంట."

పరమేష్ వంటింటి వైపు తిరిగాడు. "పుష్పా, నీకెరికేనా?"

అతని భార్య పుష్ప దోసె గరిటెతో తలుపు దగ్గరికి వచ్చింది. "నిన్న ఎరికైంది. నీకు చెప్పే ధైర్యం నాకు లేదు. మామకు ఉందంటే సరే అన్న."

"మామకు ఉన్నది ధైర్యం కాదు, నోరు!" పరమేష్ గొంతు లేచింది. "బాపూ, చిన్నప్పటి నుంచి దాని చెవుల కత్తులు, గుర్రాలు పోసి పోసి గిట్ల చేసినవ్. నన్ను చేసింది సాలదా?"

"నిన్నేం చేసినరా?"

"మోత్కూర్ల టూరింగ్ టాకీసుకు ఆ కోట సినిమా వచ్చిన నాడు నాకు ఎన్నేండ్లు? చిన్న పోరణ్ని. బల్లెక్కి నిలబడ్డ. కవచమోడు కనిపిస్తే సాలు, 'గాయినే మా బాపు, గాయినే మా బాపు' అని మొత్తుకున్న. ఓపారి డాలు పట్టుకున్నోణ్ని చూపెట్టిన, ఓపారి గుర్రం మీదోణ్ని, ఓపారి చచ్చి పడ్డోణ్ని. టాకీసంత నవ్వింది. 'నీకు ఎందరు బాపులురా' అన్నరు. బడి ఇడిసే దాక అదే మాట!"

బక్కమ్మ చీపురు ఆగింది. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"తాత అబద్ధం చెప్పలే డాడీ," అంది త్రివేణి మెల్లగా.

"చెప్పలేదా? ఆ సినిమా నీ ఫోన్ల దొరుకుతదా? టీవీకి పెట్టు. ఒక్క కాడ మీ తాత ఇనుప కవచంల కనిపించిండా, నేనే నిన్ను రైలెక్కిస్త. కనిపించలే, బీఎడ్. మళ్ల మాట లేదు."

"కబూల్!" అన్నాడు గోపయ్య ఠక్కున. త్రివేణి ఫోన్లో వెతికి పెట్టగానే, లోపల టీవీలో పాత రంగులు వణుకుతూ కదిలాయి.

మొదట ఎవరి కోపం వాళ్లు ముఖాన పెట్టుకుని కూర్చున్నారు. కానీ యుద్ధం మొదలయ్యాక ఎవరికి నిలుస్తుంది కోపం? నగారాలు మోగాయి. గుట్ట దిగి వెండిలా మెరుస్తూ సైన్యం వచ్చింది. ఈటెలు లేచాయి, డాళ్లు గోడ కట్టాయి. "ఎనక సూడు, ఎనక!" అని బక్కమ్మ ఒక సైనికుడికి అరిచి చెప్పింది. పుష్ప దోసె మాడింది. పరమేష్ కుర్చీ అంచుకు జరిగాడు.

అప్పుడు కనిపించాడు ఒకడు, తెర నిండా. ఒళ్లంతా కవచం, ముఖమంతా కప్పిన ఇనుప టోపీ, పైకెత్తిన కత్తి. గోపయ్య వేలు తనంతట తానే లేచింది. ముఖం కనపడనివాణ్ని తానే అంటే కాదనేదెవరు? 'గాయిననే నేను' అనాలి, అంతే. పిల్ల రైలెక్కుతుంది.

"ఆగుండ్రి! ఆగుండ్రి!" త్రివేణి బొమ్మను ఆపి టీవీ దగ్గరికి ఉరికింది. కళ్లు వెలిగిపోతున్నాయి. "మోచెయ్యి చూడుండ్రి! మ్యూజియంల నేను అసలుది చూసిన. ఇనుప ఉంగరాల అంగీ అయితే చెయ్యి లేపంగనే బరువుకు కిందికి జారి ఊగాలె. ఇది ముడత పడి గట్లనే నిలబడ్డది. పోగులు కనిపిస్తున్నయ్. ఇగో కింద, రంగు లేచిపోయిన కాడ, నల్లంచు! ఇది ఇనుము కాదు, నేత. ఇది గొంగడి!"

చివరి మాట నోట్లోంచి వచ్చాక గాని తానేం చేసిందో ఆ పిల్లకు తెలియలేదు. అరచేత్తో నోరు మూసుకుంది.

పరమేష్ లేచాడు. "అయిపోయింది. రేపు పొద్దుగాల తయారుగుండు."

ఇంకా గాల్లోనే ఉన్న తన వేలిని గోపయ్య చూసుకున్నాడు. తర్వాత మనవరాలిని చూశాడు. 'ఇది గొంగడైతే కానీ, నాది ఇనుమే, ఇంకో కాడ వస్తది' అనే అబద్ధం ఒకటి మిగిలే ఉంది, అది చెబితే పందెం మిగులుతుంది. కానీ అంత కన్ను ఉన్న పిల్ల ముందు దాన్ని పెట్టబుద్ధి కాలేదు. పైగా పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. తొడ చరిచి మరీ నవ్వాడు.

"దొరకబట్టింది పోరి! ఇన్నేండ్ల సంది ఎవ్వడూ దొరకబట్టలే, ఇది రెప్పపాటుల దొరకబట్టింది! గొంగడే బిడ్డా. మన గొర్ల ఉన్నితోని మన వాడకట్టు నేసిన గొంగడి."

"మరి ఇనుము?" అంది పుష్ప.

"ఇనుము లేదు, గుర్రం లేదు, సేనాపతి లేడు. సినిమా వాళ్లు వచ్చి, ఇనుము కొంటే మునుగుతం, మీ గొంగళ్లు మొద్దుగ ఉంటయట కదా అన్నరు. వాడకట్టంత మగ్గాల మీద కూసున్నం. చింతగింజల గంజి వాటికి ఎప్పుడూ పట్టిచ్చేదే, ఈసారి రెండింతలు పట్టిచ్చినం. గంజి కాసింది మీ నానమ్మ. ఎండితే అట్టలెక్క నిలబడేటివి. పైన వెండి రంగు. అంతే సైన్యం!"

"నువ్వు ఏడున్నవ్ తాతా సినిమాల?"

"నేను సినిమాల లేను. తెర పక్కకు, రంగు డబ్బ పట్టుకొని. కవచం ముడత పడ్డకాడల్ల రంగు పొట్టు లేస్తది. ఉరికిపోయి పూసుడు, ఉరికొచ్చుడు."

"గది చెప్తే అయిపోవు కదా!" పరమేష్ అరిచాడు. "గుర్రం ఎందుకు ఎక్కినవ్?"

"చెప్పిన రా. మొదట నిజమే చెప్పిన. 'గొంగడే కదా' అని లేచిపోయిండ్రు. ఇనుము అన్న నాడు నిలబడి విన్నరు."

పరమేష్ ఏదో అనబోయాడు. బక్కమ్మ అడ్డుపడింది. చీపురు కింద పెట్టి కొడుకు దగ్గరికి వచ్చింది.

"ఒరే పరమేషా. నేసింది వాడకట్టంత. కానీ రంగు పూసింది మీ బాపు ఒక్కడే. ఆ సైన్యంల ఆయిన చెయ్యి తాకని కవచం లేదు. నువ్వు డాలోణ్ని చూపెట్టినవ్, గుర్రమోణ్ని చూపెట్టినవ్, చచ్చినోణ్ని చూపెట్టినవ్. ఒక్కటి గుడ తప్పు చూపెట్టలే కొడకా. నవ్వినోళ్లకు ఎరికలే."

పరమేష్ టీవీ ముందుకు పోయి నేల మీద కూర్చున్నాడు. వెండి జుట్టు మొదలైన మనిషి, బొమ్మ మీద వేలు పెట్టాడు.

"బాపూ, ఇది?"

"నేను పూసిందే."

"ఇది? ఈ మూలకున్నది?"

"గది గుడ. దానికి భుజం కాడ రెండు మాట్ల పూసిన, నిలవకపోయె."

మూడో కవచం మీద వేలు పెట్టి తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. గోపయ్య మెల్లగా వంగి కొడుకు వీపు మీద చేయి వేశాడు. పుష్ప కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి పరమేష్ ముక్కు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు. "పోరి బట్టలు సర్దినవా?"

"నిన్ననే సర్దిన," అంది పుష్ప.

"పందెం ఓడిపోయిన కదా డాడీ," అంది త్రివేణి.

"గెలిచే పందెంల నిజం చెప్పి ఓడినవ్. గట్లాంటిదానికి పని ఎవరైనా ఇస్తరు. బీఎడ్ వచ్చేయేడు గుడ ఉంటది. నువ్వు చేసిన కవచం సినిమాల వచ్చిన నాడు చెప్పు. హాల్ల లేచి నిలబడి మొత్తుకుంట. ఎవడు నవ్వుతడో నవ్వనీ."

సాయంత్రం ఆలేరు స్టేషన్‌కు అందరూ వచ్చారు. రైలు ఆలస్యమైంది. కథ చెప్పేవాడికి రైలు ఆలస్యం కంటే కావలసిందేముంది?

"ఆఖరి నాడు," మొదలుపెట్టాడు గోపయ్య, "యుద్ధం అయిపోయింది. సైన్యమంత చచ్చి పడుండాలె. కెమెరా తిరుగుతాంది. ఉన్నట్టుండి వాన! గంజి కరిగింది. ఆ వాసనకు గుట్ట మీద మేసే మన గొర్లు దిగినయ్. మందకు మంద! చచ్చినోళ్ల మీదెక్కి కవచాలు నాకుడు మొదలుపెట్టినయ్. ఒకనికి చంక నాకింది, ఒకనికి అరికాలు. ఎంతసేపని చచ్చి ఉంటరు? ఒక్కడు కిసుక్కున నవ్విండు, ఇగ పీనుగులన్నీ పొర్లి పొర్లి నవ్వుడే! డైరెక్టర్ నెత్తిల చేతులు పెట్టుకొని కూలబడ్డడు."

అందరికంటే గట్టిగా నవ్వింది పరమేష్. పొట్ట పట్టుకుని స్టేషన్ బెంచీకి ఆనుకున్నాడు. రైలు వచ్చింది. పెట్టె ఎక్కించారు. పుష్ప జాగ్రత్తలు చెప్పింది, బక్కమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది. త్రివేణి కిటికీ ఊచలకు ముఖం ఆనించింది.

"తాతా, ఒట్టు పెట్టి చెప్పు. గొర్లు నిజంగ నాకినయా?"

"గొర్లు నాకింది నిజం! పీనుగులు నవ్వింది నిజం!" రైలు కదిలింది. గోపయ్య పంచె ఎగ్గట్టి పక్కనే నడిచాడు, తర్వాత ఉరికాడు. "వాన ఒక్కటే అబద్ధం బిడ్డా! ఆ యేడు సుక్క పడలే. గుట్ట మీద గడ్డి లేకనే గొర్లు కవచాల మీద పడ్డయ్. వాన నేనే కలిపిన!"